ఈ మట్టల ఆదివారానికి ఆ రెండు తాళాలూ తీయండి: గోదావరి డెల్టా సంఘ కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

రాజోలు దీవి,
2026 ఫిబ్రవరి 22, శ్రమకాలపు మొదటి ఆదివారం

గోదావరి డెల్టాలోని సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, మా సంఘం ఏ మిషన్ కింద ఉందో ఆ మిషన్ కార్యవర్గానికి,

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

నేను ముప్పై రెండేళ్లు సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచర్ని. మా ఊరి సండే స్కూల్లో అంతకంటే ఎక్కువ కాలమే చెప్పాను. సంఘంలో నాకు ఏ పదవీ లేదు, ఎప్పుడూ అడగలేదు. మా మందిరం తలుపుకి రెండు వర్గాలూ వేసిన రెండు తాళాల విషయం మీ ముందుకు రావడం ఇది నాలుగోసారి. పోయిన మే నెలలో అరవై ముగ్గురం సంతకాలూ వేలిముద్రలూ పెట్టి అర్జీ ఇచ్చాం. ఆగస్టులో ఏడుగురు ఆడవాళ్లం బస్సెక్కి మిషన్ ఆఫీసుకి వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. క్రిస్మస్‌కి ముందు మళ్లీ రాశాం. "కోర్టులో ఉంది కదమ్మా, మేమేం మాట్లాడకూడదు" అని ఒకరు అన్నారు. మిగతావాళ్లు ఆ మాటైనా అనలేదు.

సమాధానం అనే మాటకి మన తెలుగులో రెండు అర్థాలున్నాయి. అడిగినదానికి చెప్పే జవాబూ సమాధానమే, ప్రభువు తన వాళ్లకి ఇచ్చి వెళ్లిన శాంతీ సమాధానమే. మీ దగ్గర నుంచి మాకు మొదటిది రాలేదు. మొదటిది రాలేదు కాబట్టే రెండోది మా ఊళ్లో లేకుండా పోయింది. అందుకే ఇలా పదిమందీ చూసేలా రాయాల్సి వస్తోంది. ఊరి పేరూ మనుషుల పేర్లూ రాయను. ఎవరి పరువూ తీయడానికి రాస్తున్నది కాదు. పైగా పేర్లు తీసేస్తే ఇది డెల్టాలో చాలా ఊళ్ల సంగతే. చదివేవాళ్లలో కొందరు మా ఊరి గురించే రాసిందనుకుంటారు. అనుకోనివ్వండి.

ఏం జరిగిందో చెబుతాను.

2024లో మా అయ్యగారి, అంటే పాస్టరు గారి, బదిలీతో మొదలైంది. ఉన్నవారే ఉండాలని కొందరు, వెళ్లాల్సిందేనని కొందరు. దాని వెంట కమిటీ ఎన్నిక వచ్చింది. ఎన్నిక వెంట చందా లెక్కలు వచ్చాయి. లెక్కల వెంట మందిరం వెనకాల ఉన్న పన్నెండు సెంట్ల స్థలం వచ్చింది. హైవేకి దగ్గర కావడంతో ఆ పన్నెండు సెంట్లకి ఇప్పుడు రేటు బాగా పెరిగింది. ఇవన్నీ పైకి కనిపించే కారణాలు. అసలుది ఇంకోటుంది, అది ఏ అర్జీలోనూ ఎవరూ రాయలేదు. ఒక వర్గంలో ఎక్కువమంది పై పేట వాళ్లు, రెండో వర్గంలో ఎక్కువమంది కింది పేట వాళ్లు. రెండు పేటలకీ మధ్య ఉన్నది కులం. బాప్తిస్మం తీసుకుని మూడు తరాలైనా, ఒకే బల్ల దగ్గర రొట్టె విరుస్తున్నా, అది పోలేదు. దాన్ని ఒప్పుకోకుండా ఈ తగాదా తీర్చాలనుకోవడం చీము ఉండగానే కట్టు కట్టడమే.

పోయిన ఏడు మట్టల ఆదివారం, అంటే ఈస్టరుకి ముందు ఆదివారం, ఏప్రిల్ 13న వచ్చింది. ఆ రోజు మా ఊళ్లో ఒకటి కాదు, రెండు ఊరేగింపులు బయల్దేరాయి. కాలువ వంతెన మీద ఎదురుపడ్డాయి. ఎవరు పక్కకి తప్పుకోవాలన్న దగ్గర మాట మాట పెరిగింది. కొబ్బరి మట్ట అంటే ఏమిటో మన ప్రాంతం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆకులు రెపరెపలాడుతూ అందంగానే ఉంటుంది, మొదలు మాత్రం దుడ్డుకర్రలా ఉంటుంది. హోసన్నా అంటూ ఎత్తిన మట్టల్ని తిరగేసి పట్టుకుని కొట్టుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. ఆపలేకపోయాను. పదకొండేళ్ల పిల్లాడికి ఎడమ కనుబొమ మీద తగిలింది. నా సండే స్కూల్ పిల్లాడే. ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని తీసుకెళ్లాను. మా పిల్లలు మట్టల ఆదివారానికి కొబ్బరాకుతో చిన్న సిలువలు అల్లుకుంటారు. వాడి గుప్పిట్లో అది అలాగే ఉంది. ఆరు కుట్లు వేస్తున్నంతసేపూ నర్సు చెయ్యి చాపమంటే చాపలేదు, గుప్పిట తెరవలేదు. ఈ ఏడు మట్టల ఆదివారానికి రానని ఇప్పుడే చెప్పేశాడు.

ఐదు రోజులకి మంచి శుక్రవారం, గుడ్ ఫ్రైడే. రెండు వర్గాలూ రెండు షామియానాలు వేసుకున్నాయి. మధ్యలో రోడ్డు. మైకులు ఎదురెదురుగా పెట్టారు. పన్నెండింటికి ఇటు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మొదటి మాట ఎత్తుకున్నారు, "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అని. క్షమించుము అన్న మాట సగంలో ఉండగానే అటు మైకులోంచి పాట అందుకుంది. వాల్యూం పెంచారు. ఇటూ పెంచారు. మూడింటి దాకా ఏడు మాటల్లో ఒక్కటీ ఎవరికీ సరిగ్గా వినబడలేదు. రోడ్డు పక్కన టీ కొట్టు నడిపే హిందూ సోదరుడు కొట్టు కట్టేసి ఇంటికెళ్లిపోయాడు. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇంకా పోలేదు.

ఆ తర్వాత ఇరువైపులా కేసులు, మొత్తం పద్నాలుగు మంది కుర్రాళ్ల మీద. ఆస్తి గురించి సివిల్ దావా. కొందరికి బైండోవర్, అంటే గొడవ చేయమని పూచీకత్తు. మందిరం తలుపుకి ఒక వర్గం తాళం వేస్తే, దాని పక్కనే రెండో వర్గం ఇంకో తాళం వేసింది. పది నెలలైంది. లోపల బల్ల మీద మా ఆడవాళ్లు అల్లిన లేసు గుడ్డ అలాగే ఉంది. కిటికీ సందులోంచి చూస్తే కనబడుతుంది, దుమ్ముకి పసుపు రంగు తిరిగింది. నలభై ఏళ్లుగా ఆ మందిరం ఊడ్చే ముసలమ్మ ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే ఈనెల చీపురు పట్టుకుని వచ్చి మెట్లు ఊడ్చి వెళ్లిపోతుంది.

మీకు ఇది శ్రమకాలంలోనే, ఈస్టరుకి ముందొచ్చే ఈ నలభై ఉపవాస రోజుల్లోనే, ఎందుకు రాస్తున్నానో చెప్పాలి.

ఈ ఏడు భస్మ బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది. మూడు రోజుల ముందు శివరాత్రి జాగరణ. మర్నాటి నుంచి ముస్లిం కుటుంబాలకి రంజాన్ ఉపవాసాలు. వారం తిరక్కుండా ఊరంతా ఏదో ఒక ఉపవాసంలోకి వచ్చింది. లూథరన్లకూ కతోలికులకూ ఈ నలభై రోజులు ఎప్పటినుంచో ఉన్నవే. ఇప్పుడు డెల్టాలో పండుగల క్యాలెండర్ పాటించని సంఘాలు కూడా నలభై రోజుల కూడికలు పెడుతున్నాయి. మంచిదే. కానీ ఆ కూడికల్లో మనం ఏం ధ్యానిస్తున్నాం? కొరడా దెబ్బలు ఎన్నో లెక్కపెడతాం, మేకులు ఎంత పొడవో చెబుతాం, ఏడుస్తాం, ఏడిపిస్తాం. దెబ్బలు తిన్నవాడు తిరిగి ఎందుకు కొట్టలేదన్న దగ్గర మాత్రం ఆగం. నాకు తెలిసి శ్రమకాలానికి గుండెకాయ అదే.

అరణ్యంలో నలభై రోజులయ్యాక యేసుకి లోక రాజ్యాలన్నీ చూపించి ఇస్తానన్నాడు సాతాను. అధికారం ఆ దారిలో వద్దన్నాడాయన. మట్టల ఆదివారం నాడు యుద్ధపు గుర్రం కాకుండా గాడిద మీద వచ్చాడు. ఎక్కబోయేది గాడిదే అని జెకర్యా ప్రవక్త ముందే చెప్పాడు, ఆ వచ్చే రాజు రథాలూ యుద్ధపు విల్లూ లేకుండా చేస్తాడని కూడా ఆ తర్వాతి వచనంలోనే చెప్పాడు. మనం మొదటి వచనం చదివి ఊరేగింపుకి బయల్దేరతాం. రెండోది చదవం. ఆయన యెరూషలేము పట్టణాన్ని చూసి ఏడ్చింది కూడా ఆ ఊరేగింపులోనే. సమాధాన సంబంధమైన సంగతులు నీకు తెలియలేదే అని ఏడ్చాడు. తోటలో పేతురు కత్తి దూసి ప్రధాన యాజకుడి దాసుడి చెవి నరికితే, కత్తి వరలో పెట్టమన్నాడు. అక్కడితో ఆగలేదు, ఆ చెవి ముట్టి బాగుచేశాడు. ఆయన చేతులు కట్టేయకముందు ఆ చేతులు చేసిన ఆఖరి స్వస్థత తనని పట్టుకోవడానికి వచ్చిన గుంపులోని మనిషికి. పెద్దలారా, ఈ పది నెలల్లో మా సంఘంలో ఎవరైనా ఎదుటి వర్గం వాడి గాయం దగ్గరికి వెళ్లారా? ఆ పిల్లాడి ఇంటికి ఇప్పటిదాకా ఒక్క పెద్ద వెళ్లలేదు.

ఉపవాసం గురించి యెషయా 58వ అధ్యాయం మీ అందరికీ కంఠతా వచ్చు. కలహపడుతూ, గుద్దులాడుతూ చేసే ఉపవాసం పైకి వినబడదని అందులో ఉంది. పూర్వం సంఘం దీన్ని మనకంటే గట్టిగా పట్టించుకుంది. రోమా సంఘంలో శ్రమకాలం అంటే తప్పుచేసి బయట నిలబడ్డవాళ్లని మళ్లీ కలుపుకోవడానికి సిద్ధపరిచే రోజులు, మంచి శుక్రవారానికి ముందు రోజైన పెద్ద గురువారం నాడు వాళ్లని లోపలికి తీసుకునేవారు. 11వ శతాబ్దంలో ఫ్రాన్సు ప్రాంతంలో ప్రభువులు ఒకరి మీద ఒకరు దండెత్తుకుంటూ పల్లెల్ని తగలబెడుతుంటే, అక్కడి సంఘాలు సభలు చేసి దేవుని సంధి అనే కట్టుబాటు పెట్టాయి. వారంలో కొన్ని రోజులూ, శ్రమకాలం అంతా యుద్ధం చేయకూడదు. మీరితే వెలి. అందరూ పాటించారని కాదు. శ్రమకాలంలో కత్తి ఎత్తడం పాపమని సంఘం నోరు తెరిచి చెప్పింది. మన సంఘం ఆ మాటైనా చెప్పలేదు.

మన తెలుగు నేల మీద, పాలమూరు వైపు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలున్నాయి. ఆయుధం పట్టకపోవడం వాళ్ల పూర్వీకుల విశ్వాసంలో భాగం. ఈ ఉపదేశం ఎక్కడో పరాయి దేశాలది కాదని చెప్పడానికే రాస్తున్నాను. ఇక మన నరసాపురం ప్రాంతానికి 1830ల్లోనే ఇంగ్లండు మిషనరీలైన బౌడెన్, బీర్ కుటుంబాలు సువార్తతో వచ్చాయి. అంటే ఇక్కడ దాదాపు 190 ఏళ్ల సాక్ష్యం ఉంది. దాన్ని మనం వంతెన మీద అరగంటలో పోగొట్టుకున్నాం.

ఇంకో మాట. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయంలో గొడవలై ఇళ్లు తగలబడ్డాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగింది. ఇంటి నుంచి పనిచేసే పిల్లలు సిగ్నల్ కోసం ఊళ్లు దాటి వెళ్లారు. ఆ వారం మా మందిరంలో మోకాళ్ల మీద ఉండి కోనసీమ సమాధానం కోసం ప్రార్థించాం. పై పేట, కింది పేట అందరం కలిసే ప్రార్థించాం. మూడేళ్లు తిరక్కుండా అదే మందిరానికి రెండు తాళాలు పడ్డాయి. ఊరికి శాంతి చెప్పాల్సిన వాళ్ల గుమ్మం ముందు ఇప్పుడు ఆదివారం ఆదివారం కానిస్టేబుల్ కాపలా ఉంటున్నాడు.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో వివరంగా రాస్తున్నాను.

1. తుఫాను రాత్రి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఎప్పుడు తుఫాను వచ్చినా మా ఊళ్లో తాటాకిళ్ల వాళ్లు మందిరంలోనే తలదాచుకునేవారు, అది పక్కా భవనం, ఎత్తు అరుగు. ఆ సాయంత్రం మేం రెండు తాళాల వాళ్లకీ ఫోన్ చేశాం. ముందు వాళ్లని తీయమనండి అని ఇద్దరూ అదే మాట అన్నారు. చీకటి పడ్డాక, ఆ గాలిలో, ముసలివాళ్లనీ పసిపిల్లల్నీ బడి దాకా నడిపించుకెళ్లాం. అదే వారంలో మా వీధిలో ఒక విధవరాలు చనిపోయింది. సమాధుల తోట గేటు తాళం ఒకరి దగ్గర, భూస్థాపన చేయాల్సిన అయ్యగారు ఇంకొకరి వైపు. కరెంటు లేదు, ఫ్రీజర్ బాక్సుకి జనరేటర్ అద్దెకి తెచ్చి రెండు రోజులు శవాన్ని ఇంట్లో పెట్టుకున్నారు. ఆమె కొడుకు కూలి. ఆ అద్దె ఇంకా తీరుస్తున్నాడు. ఆమె ఏ వర్గమూ కాదు.

2. కేసుల్లో ఉన్న కుర్రాళ్లు. మన దీవి పిల్లల బతుకుతెరువు ఎక్కడుందో మీకు తెలుసు: కువైట్, మస్కట్, దుబాయ్. క్రిమినల్ కేసు నడుస్తుంటే కోర్టు అనుమతి లేకుండా పాస్‌పోర్టు రాదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరీక్ష రాసినా వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతుంది. ఆ పద్నాలుగు మందిలో మట్ట ఎత్తినవాళ్లు ఉన్నారు, ఊరికే అక్కడ నిలబడ్డవాళ్లూ ఉన్నారు. ముందుండి ఉసిగొల్పిన పెద్దల పేర్లు మాత్రం ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ లేవు.

3. పెళ్లిళ్లు. మా సంఘంలో చేసిన పెళ్లికి, లైసెన్సు ఉన్న అయ్యగారు రిజిస్టరులో రాసి సంతకం పెడితేనే సర్టిఫికెట్ వస్తుంది. రిజిస్టరు మందిరం బీరువాలో ఉండిపోయింది. పెళ్లై ఏడు నెలలైనా ఒక అమ్మాయి సర్టిఫికెట్ లేక భర్త దగ్గరికి వెళ్లలేక పుట్టింట్లోనే ఉంది.

4. పిల్లలు. సండే స్కూల్లో నలభై ఆరుగురు ఉండేవారు. మా ఇంటి అరుగు మీద ఇప్పుడు పదకొండు మంది కూర్చుంటున్నారు. కొన్ని కుటుంబాలు సఖినేటిపల్లి రేవులో పంటు పడవెక్కి నరసాపురం వెళ్లి ఆరాధన చేసుకుని వస్తున్నాయి. వెళ్లలేని పిల్లలు వీధిలో ఆడుకుంటున్నారు. ఒక రోజు వాళ్ల ఆట చూశాను, రెండు జట్లుగా విడిపోయి కొబ్బరి మట్టలతో కొట్టుకునే ఆట.

5. ఆడవాళ్లు. దీని గురించి మీరెవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను కాస్త ఎక్కువ రాస్తాను. పై పేట పిల్లని కింది పేటకి, కింది పేట పిల్లని పై పేటకి ఇచ్చిన ఇళ్లు మా సంఘంలో నాలుగున్నాయి. ఎంతో కాలానికి, ఎంతో ప్రార్థనతో జరిగిన పెళ్లిళ్లవి. ఇప్పుడు ఆ నలుగురూ పుట్టింటి గడప తొక్కలేరు. అత్తింట్లో ప్రతి మాటా వాళ్ల మీదకే వస్తుంది. బయట మొదలైన దెబ్బలు ఇంట్లోకి కూడా వచ్చాయి. ఒక అమ్మాయి మోచేతి మీద వాతలు నేనే కళ్లారా చూశాను. ఆ అమ్మాయి తన బాధ చెప్పుకుంటే సంఘంలో వచ్చిన సలహా: ప్రార్థన చేసుకో, ఓర్చుకో, యేసయ్య కూడా ఓర్చుకున్నాడు కదా. అయ్యగార్లూ, ఇది చాలా తప్పు. ఆయన సిలువ తనంతట తానే ఎత్తుకున్నాడు. ఆ పేరు చెప్పి ఇంకొకరి మీద దెబ్బలు మోపడం అహింస కాదు, హింసకి కాపలా కాయడం. సమాధానం లేని చోట సమాధానం, సమాధానం అంటూ గాయాన్ని పైపైన బాగుచేసేవాళ్ల గురించి యిర్మీయా రాసింది ఇలాంటివాళ్ల గురించే. నేను అడుగుతున్న శాంతి నోరు మూసుకోవడం కాదు. నిజం చెప్పాక, తప్పు ఒప్పుకున్నాక వచ్చేది.

ఇక "కోర్టులో ఉంది" అన్న జవాబు. కోర్టులో ఉన్నంత మాత్రాన రాజీ మాట్లాడకూడదని ఏ చట్టమూ చెప్పదు. సివిల్ దావాల్ని రాజీకి పంపే వీలు చట్టంలోనే ఉంది. చిన్న దెబ్బల కేసులు రాజీ పడదగినవే. లోక్ అదాలత్‌లో పరిష్కారమైతే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, దాని మీద అప్పీలు ఉండదు, ఎవరూ ఓడినట్టు కాదు. కోర్టే కలవమని తలుపు తెరిచి పెడితే, సహోదరుడు సహోదరుడి మీద వ్యాజ్యానికి వెళ్లడమేమిటని కొరింథీయులకి పౌలు రాసిన మాట చదివే మనం కలవకూడదంటున్నాం.

అందుకని ఈ శ్రమకాలం ముగిసేలోపు మీరు చేయాల్సినవి ఇవి. బతిమాలుతున్నాను, నిలదీసి అడుగుతున్నాను కూడా.

1. మార్చి 29 మట్టల ఆదివారం. ఆ రోజు ఉదయం మందిరం తెరవాలి. రెండు వర్గాల హక్కులకీ భంగం లేదని కోర్టులో ఒక మెమో వేసుకుంటే చాలు, దావా దారి దావాది. తాళంచెవులు రెండూ పొరుగూరి సంఘంలోని ముగ్గురికి అప్పగించండి. సమాధుల తోట తాళం, వివాహ రిజిస్టరు కూడా వాళ్ల దగ్గరే ఉండాలి. చావుకీ పెళ్లికీ తుఫానుకీ వర్గం ఉండకూడదు.

2. మధ్యవర్తుల కమిటీ వేయండి. మా రెండు పేటల వాళ్లూ అందులో వద్దు. సగం మంది ఆడవాళ్లుండాలి. మొదటి రోజే కులం మాట బల్ల మీద పెట్టాలి, స్థలం మాటా చందా లెక్కలూ ఆ తర్వాత. మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరస మీకు తెలుసు: ముందు ఒంటరిగా, తర్వాత ఇద్దరు ముగ్గురితో, తర్వాత సంఘానికి. మనం ముందే పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం.

3. రాజీ పడదగిన కేసులన్నీ లోక్ అదాలత్‌కి తెచ్చుకునేలా ఇరువైపుల వాళ్లనీ కూర్చోబెట్టండి. వకీళ్ల ఫీజులకి సంఘం చందా ఒక్క రూపాయి కూడా పోకూడదు.

4. ఇరు వర్గాల పెద్దలూ కలిసి ఆ పిల్లాడి ఇంటికి వెళ్లి క్షమాపణ అడగాలి. ఫొటోలు వద్దు, మైకు వద్దు. వైద్యం ఖర్చు వాడి నాన్నే పెట్టుకున్నాడు, అది తిరిగి ఇవ్వాలి.

5. కుర్రాళ్లకి నేర్పండి. 1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి వాళ్ల ఉద్యమంలో చేరే ప్రతివాళ్లూ పది మాటలున్న ఒక కార్డు మీద సంతకం పెట్టేవారు. మొదటిది, రోజూ యేసు జీవితాన్నీ బోధనూ ధ్యానించడం. ఇంకో మాట, మనకి కావాల్సింది న్యాయమూ సమాధానపడటమూ, గెలుపు కాదు. మరొకటి, పిడికిలితో గానీ నాలుకతో గానీ హృదయంతో గానీ హింస చేయకపోవడం. ఆ ఏడు ఏప్రిల్ 12, మంచి శుక్రవారం నాడే ఆ ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ అరెస్టయ్యాడు. ఆ శ్రమకాలాన్ని వాళ్లు వీధిలో అలా ఆచరించారు. మన భాషలో, మన ఊళ్లకి తగ్గట్టు అలాంటి కార్డు ఒకటి రాయించండి. మా పద్నాలుగు మందితో మొదలుపెడదాం. పిల్లలకి చెప్పే పని నాకివ్వండి, చేస్తాను.

6. మంచి శుక్రవారం ఏడు మాటలకి ఊరికి ఒకటే షామియానా. రెండు తప్పవంటే మైకులు లేకుండా చదవండి.

7. దెబ్బలు తిన్న ఆడమనిషి సంఘానికి వస్తే ఆమెని మళ్లీ అదే ఇంటికి పంపకండి. 2005 గృహహింస చట్టం ఉంది, 181 నంబరు ఉంది. మందిరం గోడ మీద ఆ నంబరు రాయించండి. సంఘానికి వస్తే భద్రత దొరుకుతుందని వాళ్లకి నమ్మకం కలగాలి.

8. కానుక బలిపీఠం దగ్గర విడిచిపెట్టి, ముందు వెళ్లి నీ సహోదరుడితో సమాధానపడు అని ప్రభువు అన్నాడు. ఈ నలభై రోజుల్లో డెల్టాలోని ప్రతి మందిరంలో ఒక్క ఆదివారమైనా ఆ వాక్యం మీద ప్రసంగం చేయండి. చేశాక కానుక సంచి తిప్పకండి. ఆ రోజుకి ఆపేయండి. లేచి వెళ్లి కలవాల్సినవాళ్లు కలిసి రావడానికి టైం ఇవ్వండి. ఇది మీకు కష్టమని తెలుసు. నాక్కూడా కష్టమే. వంతెన మీద ఆ రోజు అరిచిన వాళ్లలో నా తమ్ముడున్నాడు, పది నెలలుగా నేను వాడి ఇంటికి వెళ్లలేదు. నిన్న వెళ్లాను.

మార్చి 8లోపు మీ సమాధానం రాతపూర్వకంగా మాకు కావాలి. అర్జీ మీద సంతకాలు చేసిన అరవై ముగ్గురిలో ఇద్దరు ఈ లోపే చనిపోయారు, మిగతా అరవై ఒక్కరమూ ఎదురుచూస్తున్నాం.

మీ దగ్గర నుంచి వచ్చినా రాకపోయినా, మార్చి 29 ఉదయం ఆరింటికి మేం కాలువ వంతెన మీద ఉంటాం, రెండు పేటల వాళ్లమూ. మట్టలు తేం, కొబ్బరాకు సిలువలు మాత్రం తెస్తాం. అక్కడి నుంచి మందిరం దాకా ఒకటే వరసలో నడుస్తాం. మెట్లు అప్పటికే ఊడ్చి ఉంటాయి. తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో వాళ్లు ఆరున్నరకల్లా అక్కడికి రావాలి.

ప్రభువు సేవలో,
రాజోలు దీవి నుంచి ఒక సండే స్కూల్ టీచర్